ఓబులమ్మ మడిలో నీలి బంతి

నమోదు 1
గాలి తలుపులు మామూలు. బయట ఆకాశం ఎరుపు, ఎప్పటిలాగే.

ఓబులమ్మ ఇంటి మడిలో ఒక బంతిపువ్వు అంచు నీలం తిరిగింది.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. నీలమే. ఇంకా లేతగా ఉంది, ఉతికి ఉతికి వెలిసిన చీర అంచులాగా. నా రౌండు మొదలయ్యేది ఆ ఇంటి నుంచే. పొద్దున్నే అక్కడ బొరుగుల ఉగ్గాని తిని, టీ తాగి, ఆ తర్వాత ఇళ్ళున్న సొరంగం చివరిదాకా ఒక్కో మడీ చూసుకుంటూ పోతాను. అందుకే దీన్ని మొదట చూసింది నేనే. చెప్పుకోకూడదు గానీ, ఒళ్ళంతా హుషారు పుట్టింది. ఏడాదిగా ఈ ఊళ్ళో నీలం లేదు.

మా ఊరు ఎర్రదిబ్బలో ప్రతి ఇంటి మరుగుదొడ్డికీ ఒక మడి ఉంటుంది. దొడ్డిలో పడింది కింద గుంతలో పురుగుల పాలై, మన్నై, ఆ ఇంటి మడికే చేరుతుంది. కూరాకు అందులోనే, మిరప అందులోనే, చివర రెండు సాళ్ళు బంతి. బంతి అందానికి కాదు. ఇంట్లో ఎవరి పెద్దపేగులోనైనా చెడ్డ గడ్డ పుట్టి, దాన్నుంచి కంటికి కనపడని నెత్తురూ పొట్టూ రాలుతుంటే బంతి వేళ్ళు ఆ సంగతి పసిగడతాయి. కొత్తగా విచ్చుకునే పూలకు నీలం అంచు వస్తుంది. మొలల నెత్తురుకు రాదు, కారం ఎక్కువ తిన్నందుకు రాదు. భూమి నుంచి తెచ్చుకున్న పరీక్ష పెట్టెలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు మాకు ఈ పువ్వే దిక్కు.

అయితే పువ్వుకు మనిషి పేరు తెలియదు. ఇల్లు మాత్రమే తెలుసు. పేరు కనుక్కోవడం నా ఉద్యోగం. కాగితాల మీద నన్ను మళ్ళ చూపరి అంటారు. వెనకాల కంపు పోలీసు అంటారని నాకు తెలుసు.

గడ్డ చిన్నగా ఉంటే డాక్టరమ్మ కెమెరా గొట్టంతో కోతా కుట్టూ లేకుండా తీసేస్తుంది. అది పేగు గోడలోకి వేరు దించిందంటే మాత్రం, ఆ ఆపరేషను చేసే సరంజామా ఇక్కడ లేదు. భూమికి పోయే ఓడ కోసం ఎదురుచూడాలి. ఆ ఓడ వచ్చేలోపల గడ్డ ఊరికే కూర్చోదు.

నమోదు 2
గాలి పల్చన. రెండో సొరంగంలో పంపు మళ్ళీ గురక పెడుతోంది.

ఇంట్లో ఉన్నది ముగ్గురు. డెబ్భై దాటిన ఓబులమ్మ, కొడుకు లేపాక్షి, కోడలు రత్న. సంగతి చెప్పగానే పెద్దామె గరిటె పట్టుకునే మడి దగ్గరికి వచ్చింది.

"నా మడిలో నీలమా? నీ కండ్లకు పొర వచ్చింటాది, సూపించుకో."

"పొర రాలేదు పెద్దమ్మా. ముగ్గురూ గొట్టం పరీక్ష చేయించుకోవాల."

"నాకేం రోగమే? రాళ్ళు తిని అరిగించుకుంటాండా ఈ వయసులో!"

"అరగడం గురించి కాదు. గడ్డ లేతగా ఉన్నప్పుడు నొప్పుండదు, మంటుండదు, ఏమీ తెల్దు. తెలిసే నాటికి పొద్దు పోయింటాది. అందుకే గదా పువ్వును పెట్టుకున్నేది."

లేపాక్షి నన్ను పక్కకు పిలిచాడు. ఊరి గాలి బయటికి పోకుండా ఆపే గాలి తలుపుల మరమ్మతు చేసే మనిషి, ఈ గోడల బయట తాడు కట్టుకుని వేలాడతాడు. అలాంటివాడి ముఖంలో నెత్తురు లేదు.

"అక్కా, ఆ గొట్టం యాడి నుంచి పెడతారో తెలిసే మాట్లాడతాండావా?"

"తెలిసే మాట్లాడతాండా. మత్తు ఇస్తారు. పండుకొని లేసినట్లే."

"నువ్వెప్పుడన్నా చేయించుకున్యావా?"

"నాకెందుకప్పా? నా మడి బంగారం మాదిరి పసుప్పచ్చగుండాది" అని అప్పటికప్పుడు జవాబిచ్చాను.

రత్న మాత్రం ఒక్క మాట అడిగింది, ముందు ఎవరు పోవాలని. నేనే పోతా అని తనే చెప్పుకుంది.

బయలుదేరబోతుంటే ఓబులమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "తినేసి ఊరికే పోతావా?" అంది. ఎర్రదిబ్బ మర్యాద ఇది. ఏ మడి కూరాకు తిన్నావో ఆ మడికే తిరిగివ్వాలి. చుట్టం చేయి కడగకుండా పోయినా ఎవరూ ఏమీ అనుకోరు గానీ, దొడ్డికి వెళ్ళకుండా పోతే ఇంటిల్లిపాదీ మొహం ముడుచుకుంటారు. మన్ను పుట్టని చోట మన్ను చేసుకుని బతికే వాళ్ళం, మా సంబరాలూ మా అలకలూ అన్నీ మన్ను చుట్టూనే. నేను మర్యాద తప్పే మనిషిని కాదు.

నమోదు 3
మామూలు.

ముగ్గురి పరీక్షలూ అయ్యాయి. ముందురోజు తాగాల్సిన ఉప్పు ద్రావకం గురించి లేపాక్షి ఎంత గోల చేశాడో రాయడం మొదలుపెడితే ఈ పుట చాలదు. రాత్రంతా దొడ్డి దగ్గరే కాపురం చేశాడట. పెద్దామె ఒక్క గుక్కలో తాగేసి, దీనికంటే తన పెళ్ళిలో పెట్టిన రసం అన్యాయంగా ఉండిందని చెప్పింది.

డాక్టర్ షంషాద్ నన్ను లోపలికి పిలిచి తెర చూపించింది. మత్తులో ఉన్న మనిషి కడుపులో ఇంత అందమైన గులాబిరంగు సొరంగం ఉంటుందని ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే. మా సొరంగాలకంటే శుభ్రంగా ఉంటుంది.

"ముగ్గురివీ మొదటి నుంచి చివరిదాకా సూసినా వన్నూరక్కా. అద్దం మాదిరి ఉండాయి. ఏమీ లేదు."

"మరి పువ్వు?"

"పువ్వు సంగతి నీది. పేగు సంగతి నాది. నా పక్క తప్పు లేదు."

తిరిగొచ్చి చూస్తే మడిలో ఇంకో నాలుగు పూలు నీలం అంచుతో విచ్చుకుని ఉన్నాయి. ముందటి దానికంటే చిక్కగా. నా బుర్ర గిర్రున తిరిగింది. ఇంట్లో ఎవరికీ లేదు. మడిలో ఉంది. అంటే ఆ గడ్డ ఎవరో మనిషితో కలిసి ఈ ఊళ్ళోనే తిరుగుతోంది, తింటోంది, నిద్రపోతోంది. ఆ మనిషికి తెలియదు. నాకూ తెలియదు.

నమోదు 4
గాలి తలుపుల్లో దుమ్ము. తుఫాను వచ్చేలా ఉందని కబురు.

సంఘం పెద్ద తిప్పేస్వామి ఈరోజు మడి చూడటానికి వచ్చాడు. మంచివాడే గానీ, ఆయనకు తేలని లెక్కలంటే పడదు.

"ముగ్గురికీ లేదని డాక్టరమ్మే చెప్పె గదా. అయితే ఇది పిచ్చి పట్టిన మొక్క. పీకేసి కొత్త నారు పెడితే సరి. మన్ను పండగ వస్తాండాది, ఊరి దండలో నీలం పువ్వు కలిసిందంటే జనం భయపడతారు."

మన్ను పండక్కి ప్రతి ఇంటి బంతీ కలిపి ఊరంత పొడుగు దండ కడతాం. ఓబులమ్మ ఇంటి పూలు ఈసారి వద్దని అప్పటికే ఎవరో గుసగుసలాడారట. రత్న వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెద్దామె అక్కడే నిలబడి అంతా వింది.

"అన్నా, పీకితే నీలం పోతాది. గడ్డ పోతాదా?" అన్నాను. "ఎవురికో ఉండాది. ఈ మడి ఒక్కటే ఆ మాట చెప్తాండాది. దీని నోరు మూయిస్తే ఆ మనిషిని మనమే సంపినట్ల."

ఆయన గడ్డం గీరుకుని పండగ దాకా గడువిచ్చాడు.

తర్వాత ఓబులమ్మ వంటింట్లో కూర్చుని, ఉగ్గాని నములుతూ, ఇంటికి వచ్చిపోయే చుట్టాలెవరో చెప్పమన్నాను. ఈ ఆలోచన నాకు ముందే రావాల్సింది. మర్యాద అంటూ ఒకటుంది కదా, ఇంట్లోవాళ్ళే కాదు, తిన్నవాళ్ళందరూ ఆ మడిలో ఉంటారు.

ఆమె కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. బడి పంతులమ్మ ఒకసారి వచ్చింది, ఆమె దొడ్డికి పోకుండానే జారుకుంది, అది ఓబులమ్మకు ఇంకా మంట. రత్న తమ్ముడు వచ్చాడు, ఇరవై ఏళ్ళవాడు. ఇక చెనక్కాయ నూనె గానుగ లింగప్ప, ప్రతి సంతకీ భోజనానికి వస్తాడు, అరవై దాటాయి, మర్యాద విషయంలో ధారాళం.

"ఇంకెవురన్నా?"

"ఇంకెవురొస్తారే ఈ ముసల్దాని కొంపకు? బజ్జీ ఇంకోటి యేసుకో."

వేసుకున్నాను. లింగప్పే అని నాకు నమ్మకం కుదిరింది.

నమోదు 5
దుమ్ము ఎక్కువైంది. రేపటి నుంచి సొరంగాల మధ్య తలుపులు మూసేస్తారట.

లింగప్ప కాదు.

నేను అతన్ని ఒప్పించడానికి గానుగ చుట్టూ తిరిగిన తిరుగుడుకు ఒక డబ్బా నూనె వచ్చేది. ఒప్పుకున్నాడు, ద్రావకం తాగాడు, తిట్టాడు, పడుకున్నాడు. షంషాద్ ఒక చిన్న బొడిపె తీసింది గానీ అది మెత్తటి మామూలు బొడిపె, అలాంటిదానికి బంతి నీలం తిరగదంది. లింగప్ప మత్తు దిగాక నా వైపు చూసి, "తృప్తేనా కంపు పోలీసూ?" అన్నాడు. ఎదురుగా అనడం ఇదే మొదలు.

తృప్తి లేదు. ఓబులమ్మ మడిలో నీలం ఇప్పుడు అంచు దాటి రేకు సగం దాకా వచ్చింది. భయమేస్తోంది. ఎవరో తెలియని మనిషి కోసం ఇంత భయపడతానని అనుకోలేదు.

నమోదు 6
తుఫాను. తలుపులు బంద్. ఎక్కడివాళ్ళు అక్కడే.

చూపరి గది ఊరికి ఒక కొసన ఉంటుంది. ఇక్కడ నేనూ, నా మంచం, నా మడి. ఒంటి మనిషి మడి ఎలా ఉంటుందో అలా బక్కగా ఉంది. పొద్దంతా ఇళ్ళ వెంట తిరిగే దాన్ని, దానికి చేరేదెంత? ఉగ్గాని నేనే చేసుకున్నాను. బొరుగులు ముద్దయ్యాయి.

రోజూ పొద్దున లేపాక్షి ఫోను చేసి మడి రంగు చెబుతాడు. అతనికీ ఇప్పుడు ఈ కూపీ లాగే జబ్బు అంటుకుంది.

నమోదు 7
తుఫాను తగ్గలేదు.

"అక్కా! కొత్త పూలు లేత నీలంగుండాయి. నిన్నటికంటే తగ్గె!"

నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను. తుఫాను మొదలయ్యాక ఆ ఇంటికి బయటివాళ్ళు ఎవరూ వెళ్ళలేదు. ఇంట్లో ముగ్గురే. నీలం తగ్గుతోంది. అంటే ఆ మనిషి బయటి నుంచి వచ్చేవాడే, తలుపులు మూసుకుపోవడంతో ఆగిపోయాడు. ఇంతకంటే మంచి పరీక్ష నేను పెట్టాలన్నా పెట్టలేను. ఇక మిగిలింది ఆ సొరంగం వాళ్ళు కానివాళ్ళు, ఆ ఇంట్లో తరచుగా తినేవాళ్ళు, లింగప్ప కానివాళ్ళు.

గదిలో అటూ ఇటూ నడిచాను. ఎవరి పేరూ తట్టలేదు.

నమోదు 8
తుఫాను. గాలి శబ్దం తగ్గుముఖం.

లేపాక్షి ఫోను: "పసుప్పచ్చ! ఒక్క నీలం లేదక్కా. మాయమ్మ డాన్సు చేస్తాండాది."

నేనూ సంతోషంతో అరిచాను. బియ్యం కడిగిన నీళ్ళు మడిలో పోద్దామని వెనక్కి వెళ్ళాను.

నా మడిలో పూసినవి మూడు పూలు. మూడూ నీలం.

గిన్నె కింద పెట్టి వంగి చూశాను. మొదట వచ్చిన ఆలోచన, గాలికి రంగు ఎగిరొచ్చిందేమోనని. రెండోది, నారు మారిపోయిందేమోనని. తిప్పేస్వామి అన్న మాటే నా నోట్లోకి వచ్చింది: పిచ్చి పట్టిన మొక్క. పీకడానికి చెయ్యి కూడా చాచాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చాచాను.

తర్వాత ఉగ్గాని గుర్తొచ్చింది. పొద్దున్నే ఓబులమ్మ ఇంట్లో తినడం, టీ తాగడం, గుమ్మం దాటకుండా మర్యాద పాటించడం. రోజూ. ఏడాదిగా. చుట్టాల పేర్లు చెప్పమన్నప్పుడు ఆమె నన్ను చెప్పలేదు, ఎందుకంటే నన్ను చుట్టమని ఎన్నడూ అనుకోలేదు. నేను నన్ను లెక్కవేసుకోలేదు, ఎందుకంటే లెక్కవేసేదాన్ని నేనే కదా.

ఊళ్ళో ప్రతి మడీ నా రౌండులో ఉంది. నా మడి ఎవరి రౌండులోనూ లేదు.

నాకు నొప్పి లేదు. మంట లేదు. ఆకలి బాగా అవుతోంది. లేపాక్షికి నేను చెప్పిన పాఠమంతా నా ముందుకు వచ్చి నిలబడింది. మడి గట్టు మీద కూర్చున్నాను. ఏడ్చాను కూడా. పువ్వు రేకు మధ్య దాకా నీలం ఎక్కి ఉంది, ఇంకా ఎంత టైముందో నాకు తెలియదు.

నమోదు 9
తలుపులు తెరిచారు.

షంషాద్ దగ్గరికి వెళ్ళి, "పేరు దొరికింది" అన్నాను.

"ఎవురక్కా?"

"ముందు ఆ ద్రావకం ఇయ్యి. తాగతా చెప్తా."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నా చెయ్యి పట్టుకుంది. ద్రావకం గురించి లేపాక్షి చెప్పిందంతా నిజం. అతన్ని వెక్కిరించినందుకు మనసులోనే క్షమాపణ చెప్పాను, రాత్రి చాలాసార్లు చెప్పాను.

నమోదు 10
మామూలు. (గాలి తలుపుల సంగతి. నా సంగతి కాదు.)

మత్తు తక్కువ ఇమ్మని అడిగాను. షంషాద్ కోప్పడింది. నేను ఇన్నాళ్ళు వెతికిన దాన్ని నా కళ్ళతో చూడకపోతే చచ్చినా ఊరుకోనని చెప్పాను. ఇటువంటి చోట చచ్చినా అనే మాట వాడొద్దంది.

ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. కడుపులోకి గాలి పోతుంటే ఉబ్బరంగా ఉంది, పేగు మెలిక దగ్గర గట్టిగా పట్టినట్టయింది, అంతకంటే ఏమీ లేదు. తెర మీద గులాబిరంగు సొరంగం కదులుతోంది. అది నేను. నేనూ శుభ్రంగానే ఉన్నాను. కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

అప్పుడు అది కనిపించింది. చిన్న కాడ మీద, పెద్ద అలసంద గింజంత, ఎర్రగా, తల మీద ఒకచోట గీరుకుపోయినట్టు. అక్కడి నుంచే నెత్తురు చెమర్చుతోంది. ఇంత చిన్నది ఓబులమ్మను పండగ దండలోంచి నెట్టేయబోయింది, లింగప్పను తిట్టించింది, నన్ను ఊరంతా తిప్పింది.

"కాడుండాది అక్కా. కాడుంటే మేలు" అంది షంషాద్. సన్నటి తీగ ఉచ్చు కాడకు వేసి, బిగించి, కాల్చి తెంపింది. నాకు ఏమీ తెలియలేదు. గింజ ఊడి వచ్చింది.

"దాన్ని నాకు సూపించు" అన్నాను. సీసాలో వేసి చూపించింది. దాని వైపు చూస్తూ నిద్రలోకి జారాను.

నమోదు 11
మామూలు.

సూక్ష్మదర్శిని కింద షంషాద్ చూసిన సంగతి: గింజ తలలో కణాలు చెడు దారి పట్టాయి. కాడ మొదలు శుభ్రం. వేరు దిగలేదు.

"ఇంకో రెండేండ్లు ఇట్లే ఉండింటే?" అడిగాను.

"ఇప్పుడెందుకక్కా ఆ మాట?"

"తెలుసుకుందామని."

"అప్పుడు ఓడ కోసం సూసేవాళ్ళం" అంది. మూడేళ్ళకు మళ్ళీ గొట్టం పెట్టాలంది. సరే అన్నాను.

నమోదు 12
మన్ను పండగకు ముందురోజు.

సంఘం కూర్చుంది. ఆ నీలం నాదేనని నిలబడి చెప్పాను. ఎవరూ నవ్వలేదు, లింగప్ప తప్ప. అతను నవ్వాడు గానీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

తిప్పేస్వామి, ఇక నుంచి చుట్టాలు మర్యాద పాటించకూడదని, ఎవరి దొడ్డి వాళ్ళే వాడాలని కట్టడి చేద్దామన్నాడు. లెక్క తేలాలంటే అదే దారి అన్నాడు.

"వద్దన్నా" అన్నాను. "ఆ మర్యాద లేకుంటే నా నీలం నా మడిలోనే పూసేది. దాన్నెవురు సూస్తాండ్రి? నేనే సూసేదాన్ని గాదు. ఓబులమ్మ మడి గాబట్టి పదిమంది కండ్లు పడె. ఆ మర్యాదనే నన్ను బతికించింది. మార్చాల్సింది ఒకటే. చూపరి మడినీ ఎవురో ఒకరు సూడల్ల."

"ఎవురు సూస్తారు?"

వెనక నుంచి ఓబులమ్మ లేచింది. "నేను సూస్తా. నా కండ్లకు పొర రాలేదు."

దండకు మొదటి పువ్వు ఆమె మడిదే పెట్టాలని రత్న తమ్ముడు అన్నాడు. తిప్పేస్వామి కాదనలేదు.

నమోదు 13
గాలి తలుపులు మామూలు. ఆకాశం ఎరుపు.

పొద్దున్నే తలుపు చప్పుడైంది. ఓబులమ్మ, చేతిలో ఉగ్గాని గిన్నె. నన్ను పలకరించకుండా నేరుగా వెనక మడి దగ్గరికి వెళ్ళింది. వంగి ఒక్కో పువ్వూ తిప్పి చూసింది. కొత్తవి రెండు విచ్చుకున్నాయి. రెండూ పసుపు.

"బక్కచిక్కిపోయిందే నీ మడి" అంది. "ఇంత మంది ఇండ్ల మడి సూసేదానివి, దీనికి ఇంత గతి పట్టిచ్చినావా?"

"నాదంతా నీ మడికే గదా పెద్దమ్మా పోయింది."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా గడ్డం పట్టుకుని, "నువ్వు పోయింటే నేనేం సేస్తాంటినే?" అంది. నేను ఉగ్గాని గిన్నె అందుకుని రెండు పళ్ళేల్లో పెట్టాను.

ఇద్దరం తిన్నాం. నేను టీ పెట్టాను, ఆమెకు నచ్చలేదు, అయినా తాగింది. ఆమె బయలుదేరడానికి లేస్తుంటే నేను వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"తినేసి ఊరికే పోతావా?"

ఓబులమ్మ నన్ను ఎగాదిగా చూసి, కొంగు దోపుకుని, నా దొడ్డి వైపు నడిచింది. ఇకమీదట నా మడిలో నీలం పూస్తే ఇద్దరినీ పరీక్షకు పంపాలి.